ఊడిపోయిన బొత్తాం

లిస్బన్, నవంబర్. మంగళవారం రాత్రి.

పొద్దున లేచేసరికి వాన. కిటికీ తీస్తే ఎదురింటావిడ తీగ మీది దుప్పట్లని గబగబా లోపలికి లాక్కుంటోంది. నేనుండే అల్ఫామ అనే పాత పేటలో సందులు ఎంత ఇరుకంటే, ఆవిడ చెయ్యి చాపితే నా కిటికీ అందుతుందేమో అనిపిస్తుంది. ఇద్దరం తలలూపుకున్నాం. ఇక్కడికొచ్చి మూడు వారాలైంది, మా పరిచయం అంతవరకే. అయినా ఆవిడ కనబడని రోజు ఏదో వెలితిగా ఉంటుంది.

ఇవాళ బెలేం పేటకి వెళ్దామని నిన్ననే అనుకున్నాను. అక్కడి జెరోనిముష్ మఠంలో వాస్కో డ గామా సమాధి ఉంది. 1498లో కాలికట్ తీరానికి వచ్చిన ఆ మనిషి 1524లో కొచ్చిన్‌లో పోయాడు. తర్వాత అస్థికల్ని ఈ దేశానికి తెచ్చుకున్నారు. పోర్చుగీసు కవి ఫెర్నాందు పెసోవా సమాధి కూడా ఆ మఠంలోనే ఉంది. ఆయన 1935లో పోతే, యాభై ఏళ్ళ తర్వాత, 1985లో అక్కడికి మార్చారు. సముద్రాలు దాటి వెళ్ళినవాడు, పెద్దయ్యాక ఈ ఊరు వదిలి దాదాపు ఎక్కడికీ వెళ్ళనివాడు, ఇద్దరూ ఒకే చోట. చూడాలని బాగా ఉంది. కానీ వాన తగ్గేలా లేదు. కాఫీ పెట్టుకుని పుస్తకం తీశాను.

పెసోవా రాసిన ‘ది బుక్ ఆఫ్ డిస్‌క్వైట్’, ఇంగ్లీషు అనువాదం. రోజుకి నాలుగైదు పేజీలు మించి చదవలేకపోతున్నాను. కష్టంగా ఉండి కాదు, ఒక్కో పేరా చదివాక పుస్తకం మూసి కిటికీలోంచి బయటికి చూడాల్సి వస్తోంది. ఇది రాసింది బెర్నార్దు స్వారిష్ అనే ఒక గుమాస్తా అని పెసోవా కల్పన. బైష పేటలో రువా దుష్ దోరదోరెష్ అనే వీధిలో, ఒక వస్త్రాల కంపెనీలో లెక్కలు రాసుకునే మనిషి. పెసోవా బతుకుతెరువు కూడా ఇంచుమించు అలాంటిదే. ఆ పేటలోని వ్యాపార సంస్థలకి ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ ఉత్తరాలు రాసిపెట్టేవాడు. మిగతా టైమంతా తన రాత. పోయాక ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే పాతిక వేలకి పైగా కాగితాలు! అందులో ఇరవై ఏళ్ళకి పైగా విడివిడిగా రాసుకుంటూ పోయిన ముక్కలే ఈ పుస్తకం. అచ్చయ్యేసరికి 1982 వచ్చింది. ఏది ముందో ఏది వెనకో ఆయన తేల్చలేదు కాబట్టి, ఒక్కో సంపాదకుడు ఒక్కో వరసలో పేర్చాడు.

ఆ పెట్టె గురించి చదివినప్పుడల్లా మనసు నా పెట్టె మీదికి పోతోంది. నా నవలలో అందరూ పెద్దమ్మా అని పిలిచే కుట్టుమిషనావిడ ఉంది. భర్త పోయిన పద్నాలుగో రోజు ఆయన పెట్టె మూత ఎత్తుతుంది. మూడు వారాలుగా ఆ మూత దగ్గరే ఆగిపోయాను. లోపల ఏముంది? ఉత్తరాలు పెట్టాను, తీసేశాను. పాత ఫోటో పెట్టాను. అది అబద్ధంలా కనిపించింది. ఇలాంటి పెట్టెలో ఉండాలని పాఠకులు అనుకునేవన్నీ పెట్టి చూశాను. ఒక్కటీ పెద్దమ్మది అనిపించలేదు. ఇవాళ కూడా గంటన్నర కూర్చుని రెండు వాక్యాలు రాసి, రెండూ కొట్టేశాను.

పన్నెండింటికి వాన కాస్త ఆగింది. కోటు వేసుకుంటుంటే పై బొత్తాం ఊడి చేతిలోకి వచ్చింది. చూద్దును కదా, అది రెండు ముక్కలు. ఈ చలికి మెడ దగ్గర బొత్తాం లేకుండా తిరగడం కుదరదు. కింద కాఫీ కొట్టులో అడిగితే, రువా ద కొన్సెయిసావ్‌కి వెళ్ళమని కాగితం మీద రాసిచ్చారు.

నడిచే వెళ్ళాను. తడిసిన తెల్లరాళ్ళ కాలిబాట నున్నగా జారుతుంది, పాదం మొత్తం ఆనించి నడవాలి. పెద్ద చర్చి దాటి దిగువకి వస్తే బైష. అప్పటిదాకా మెలికలు తిరిగిన సందులు ఒక్కసారిగా గీత గీసినట్టు తిన్నగా అయిపోతాయి. 1755 నవంబర్ 1న, పండగ పూట జనం చర్చిల్లో ఉండగా భూకంపం వచ్చింది. వెంటనే మంటలు, నది మీదుగా సునామీ. ఊరి నడిబొడ్డు నేలమట్టం అయ్యాక, మంత్రి పొంబాల్ ఈ పేటని కొత్త కొలతలతో మళ్ళీ కట్టించాడు. భూమి కదిలినా నిలబడేలా గోడల లోపల కొయ్య చట్రాలు పెట్టించాడు. ఒక్కో వృత్తికి ఒక్కో వీధి ఇచ్చారు. బంగారం పనివాళ్ళది ఒకటి, వెండి వాళ్ళది ఒకటి, చెప్పులు కుట్టేవాళ్ళది ఒకటి. పొద్దున చదివిన దోరదోరెష్ అంటే బంగారు పూత పూసేవాళ్ళ వీధి అని ఆ పేరు పలక కింద నిలబడ్డాకే నాకు తట్టింది. పుస్తకంలో ఎంతో దిగులుగా కనిపించిన వీధిలో ఇప్పుడు హోటళ్ళ బల్లలు, వాటి మీద తడి గొడుగులు. మూలమీద ఒకాయన బండి పెట్టుకుని చెస్ట్‌నట్లు కాలుస్తున్నాడు. ఆ పొగ వీధి చివరిదాకా వస్తోంది.

రువా ద కొన్సెయిసావ్ మీంచి 28వ నంబరు ట్రాము వెళ్తుంది. దానికి రెండు పక్కలా బొత్తాలు, దారాలు, లేసులు, రిబ్బన్లు అమ్మే చిన్న చిన్న పాత దుకాణాలు. నేను వెళ్ళిన దాంట్లో గోడంతా నేల నుంచి కప్పుదాకా అట్టపెట్టెలే. లోపలేముందో తెలియడానికి ప్రతి పెట్టె ముందు ఒక బొత్తాం కుట్టి ఉంది. కొయ్యవి, కొమ్ముతో చేసినవి, ముత్యపు చిప్పవి, ఇత్తడివి. ఇన్ని వందల బొత్తాలు ఒకే గోడ మీద ఎన్నడూ చూడలేదు.

నా ముందు ఒక ముసలావిడ ఉంది. నల్ల స్వెట్టర్, చేతిలో మడత పెట్టిన రుమాలు. కౌంటర్ మీద పెట్టి నిదానంగా విప్పింది. లోపల ఐదు చొక్కా బొత్తాలు. కొత్తవి కావు. కన్నాల్లో తెల్లదారం పోగులు ఇంకా అలాగే ఉన్నాయి, ఒకదానికైతే గోరంత బట్ట ముక్క కూడా అంటుకుని ఉంది. కత్తెరతో చొక్కా నుంచి కోసి తెచ్చినవి. ఆరోది కావాలి ఆవిడకి. కొట్టాయన ఒకటి తీసుకుని, దీపం కిందికి పట్టి, వేలితో అంచు తడిమి, నిచ్చెనెక్కి మూడు పెట్టెలు దించాడు. మొదటిది పసుపు ఎక్కువ. రెండోది మందం. ఇద్దరికీ తొందర లేదు. మూడో పెట్టెలో దొరికింది. ఆవిడ దాన్ని మిగతా ఐదింటి మధ్య పెట్టి, వేలితో కలిపేసి, ఏది కొత్తదో తెలియకపోయేసరికి తలూపింది. మళ్ళీ రుమాలు మూటకట్టింది. ఆ చొక్కా ఎవరిదో, ఆ బొత్తాలు ఇప్పుడు దేనికి కుడుతుందో అడగడానికి నా దగ్గర ఆ భాష లేదు.

నా వంతు వచ్చాక కోటు చూపించాను. కొట్టాయన విరిగిన ముక్కలు చూసి ఒక మాటన్నాడు. బుతాఁవు. అరసున్నతో రాస్తే తప్ప ఆ చప్పుడు కాగితం మీదికి రాదు. బొత్తాం! ఈ మాట పోర్చుగీసు నుంచి వచ్చిందని తెలుసు. మేస్త్రీ, అలమారా, తువాలు, అనాస, ఇవన్నీ అలా వచ్చినవే అని చదువుకున్నదే. కానీ చదవడం వేరు, ఒక మనిషి నోట వినడం వేరు. చివర ఆయన ముక్కుతో పలికింది మన దగ్గర నిండు సున్న అయి కూర్చుందనిపించింది. నేను “బొత్తాం” అన్నాను. ఆయన నవ్వి మళ్ళీ తన పద్ధతిలో అన్నాడు. నేను మళ్ళీ నా పద్ధతిలో. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు వారాలుగా చెవిన పడని నా భాష, ఈ కొట్టులో, ఈయన నోట్లోంచి.

గదికి వచ్చేసరికి మూడున్నర. అన్నం సంగతి మర్చిపోయి కూర్చున్నాను. పెద్దమ్మ మూత ఎత్తింది. పెట్టెలో ఒక రేకు డబ్బా, దాంట్లో బొత్తాలు. భర్త చొక్కాలు చిరిగిపోయి గుడ్డపేలికలైన ప్రతిసారీ తనే కోసి దాచినవి, ఆయన పెట్టెలో తనే పెట్టి మర్చిపోయినవి. నలభై ఏళ్ళ చొక్కాలు. ఒక్కొక్కటీ తీసి చాప మీద పెడుతోంది. పెళ్ళినాటి చొక్కాది ఏదో తనకి తెలుసు, దాని అంచు పెచ్చు లేచి ఉంటుంది. చీకటి పడేలోపు నాలుగు పేజీలయ్యాయి. ఒక్క వాక్యం కొట్టెయ్యలేదు.

ఇప్పుడు దీపం ముందు కూర్చుని కోటుకి బొత్తాం కుట్టుకున్నాను. కొట్టాయన ఊరికే ఇచ్చిన దారం కోటు కన్నా కొంచెం లేత రంగు. అలాగే ఉండనిచ్చాను. ఎదురింటి తీగ మీద దుప్పట్లు మళ్ళీ బయటికి వచ్చాయి.

రేపు ఎండ కాస్తే బెలేం. అంతకన్నా ముందు ఆ డబ్బా పని చూడాలి. పెద్దమ్మ ఇంకా సగమే బయటికి తీసింది.