మా పార్లర్ కుక్కర్

హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు, అద్దె ఇంటి ముందు గదిలో పార్లర్ పెట్టి ఆరేళ్ళయింది. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. ఒక కుర్చీ, ఒక మంచం, ఒక పెద్ద అద్దం.

మున్సిపల్ ఆఫీసుకి ట్రేడ్ లైసెన్స్ కోసం వెళ్ళే ముందు రాత్రి పరీక్షకి చదివినట్టు చదివాను. దువ్వెన ఎలా కడగాలి, టవల్ ఎన్నిసార్లు వాడాలి, అన్నీ. తీరా వెళ్తే అడిగినవి రెండే. గది ఎన్ని చదరపు అడుగులు? ముందు రోడ్డు వెడల్పు ఎంత? ఫీజు లెక్క ఆ రెండింటి మీదేనట. ఓనర్ ఒప్పుకున్నట్టు కాగితం, ఆస్తి పన్ను రసీదు, ఆధార్ ఇచ్చి వచ్చేశాను. చదివిందంతా వృథా. ఏటా డిసెంబర్ 31తో గడువు అయిపోతుంది, జనవరి దాటాక రెన్యూవల్‌కి వెళ్తే పెనాల్టీ.

చిన్న వ్యాపారాల ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి మాత్రం నెట్ సెంటర్‌లో 800 పోసుకున్నాను. ప్రభుత్వ సైట్‌లో అది పూర్తిగా ఉచితమని తర్వాత తెలిసింది. కొత్తగా పెట్టేవాళ్ళు మీరైనా ఆ పని చేయకండి. కరెంటు సంగతి కూడా ముందే చూసుకోండి, ఇంటి మీటర్ మీద పార్లర్ నడపకూడదు. నేను ముందు గదికి కమర్షియల్ మీటర్ వేరేగా పెట్టించుకున్నాను. జీఎస్టీ అంటారా, సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటితే కదా! ఆ టెన్షన్ నాకూ రావాలనే ఉంది.

లైసెన్స్ ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టిన రెండో నెలలో ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. మూడు రోజుల క్రితం నా దగ్గరే చేతులకి వ్యాక్సింగ్ చేయించుకుంది. చున్నీ తీసి చెయ్యి చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చిన్న చిన్న చీము పొక్కులు. "అక్కా, ఇది ఇక్కడే అయిందా?" అంది. తిట్టినా బాగుండేది.

ఆ పిల్ల వెళ్ళాక వ్యాక్స్ డబ్బా మూత తీసి చూశాను. పైన రెండు వెంట్రుకలు తేలుతున్నాయి. పుల్లతో తీసి చేతికి రాయడం, అదే పుల్ల మళ్ళీ డబ్బాలో ముంచడం, నేర్పినావిడా అలాగే చేసేది, నేనూ అంతే. వేడిగా ఉంది కదా, ఏముంటుందిలే అనుకునేదాన్ని. చర్మం ఓర్చుకునేంత వేడికి క్రిములు చస్తాయా? ఆ డబ్బా అలాగే చెత్తలో పడేశాను. ఇప్పుడు ఐస్‌క్రీం పుల్లల కట్ట పక్కన పెట్టుకుంటాను. ఒక్కసారి ముంచానా, ఆ పుల్ల బుట్టలోకే. వ్యాక్సింగ్ అంతా అయ్యేసరికి ఇరవై పుల్లలు పోతాయి, పోనీ.

అంతకుముందే సామాను మీది క్రిములు చంపుతుందని 1,800 పెట్టి నీలం లైటు (యూవీ) పెట్టె ఒకటి కొన్నాను. కస్టమర్లు దాన్ని చూసి ముచ్చటపడేవాళ్ళు. ఆ లైటు తగిలిన చోటే పనిచేస్తుంది. దువ్వెన పళ్ళ సందుల్లో, ప్లక్కర్ రెండు మొనల మధ్య నీడే కదా ఉండేది. ఇప్పుడది కడిగిన సామాను దాచుకునే బీరువా.

థ్రెడింగ్‌లో దారం పళ్ళతో పట్టుకునే అలవాటు 2020 లాక్‌డౌన్ తర్వాత మాన్పించుకున్నాను. మెడకి వేసుకుని లాగడం వచ్చేసరికి నెల పట్టింది. జుట్టుకి రంగు వేయాలంటే, పడుతుందో లేదో 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూస్తాను. పెళ్ళికూతురు ముందురోజు సాయంత్రం వచ్చి ఇప్పుడే వేసెయ్యమంటే నేను వెయ్యను. రెండు పెళ్ళిళ్ళ బేరం అలా పోయింది.

కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తంలో కూడా వారం రోజులు బతికి ఉంటుందని తెలిశాక మూడు డోసుల టీకా వేయించుకున్నాను. ప్లక్కర్లు, నెయిల్ కట్టర్లు సబ్బుతో తోమి, బట్టలో చుట్టి, కుక్కర్‌లో స్టాండ్ మీద పెట్టి అరగంట ఆవిరి పట్టిస్తాను. మామూలుగా మరిగితే నీళ్ళు వంద డిగ్రీలు దాటవు, కుక్కర్‌లో ఒత్తిడికి నూట ఇరవై దాకా వెళ్తాయి.

పాత మూడు లీటర్ల కుక్కర్ అది. పొరపాటున పప్పుకి తీస్తారని మా అత్తమ్మ దాని మూత మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో పెద్ద ఇంటూ గుర్తు వేసింది. మొన్న ఫేషియల్ మధ్యలో విజిల్ వస్తే, కళ్ళ మీద కీరా ముక్కలతో పడుకున్న ఆంటీ అడిగింది, "ఏం పప్పమ్మా?"