స్వస్తి ఎవరికి?

పూజ చివర పంతులుగారు గుక్క తిప్పుకోకుండా చదివేస్తారు: "స్వస్తి ప్రజాభ్యః పరిపాలయంతాం, న్యాయేన మార్గేణ మహీం మహీశాః..." మన చేతిలో అక్షతలు, మనసేమో అప్పటికే ప్రసాదం మీద. నేనూ అంతే. ఇన్నేళ్లు విన్నా, అందులో స్వస్తి ఎవరికి చెబుతున్నారో ఈమధ్యే గమనించాను. ప్రజలకు! తరవాత గోవులకు, బ్రాహ్మణులకు శుభం, సమస్త లోకాలకు సుఖం. రాజుకి మాత్రం పని అప్పజెప్పారు, న్యాయమార్గంలో పాలించమని. ఆయన కోసం విడిగా ఒక్క దీవెన కూడా లేదు.

అప్పటినుంచి ఈ శ్లోకం వింటే భూటాన్ గుర్తొస్తోంది. వాళ్లది వజ్రయాన బౌద్ధం, ఈ శ్లోకం వాళ్లది కాదు. అయినా ఆ రాజుల కథ దీనికి దగ్గరగా ఉంటుంది. మూడో రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ 1953లో జాతీయ సభ పెట్టారు, వెట్టిచాకిరీ ఎత్తేశారు. 1961లో భారత్ సాయంతో పంచవర్ష ప్రణాళికలు మొదలయ్యాయి, కొండల్లోకి రోడ్లొచ్చాయి. మంచి రాజు ఎవరైనా ఇంతవరకు చేస్తాడేమో. ఆయన కొడుకు జిగ్మే సింగే చేసిన పనే అరుదు. 16 ఏళ్లకే గద్దెనెక్కినాయన 1998లో పాలనాధికారం మంత్రిమండలికి వదిలేశారు. రాజ్యాంగం రాయించారు. ముసాయిదా పట్టుకుని ఊరూరా తిరిగితే జనమే "మాకు ఎన్నికలెందుకు, మీరే ఉండండి" అన్నారట! 65 ఏళ్లు రాగానే రాజు దిగిపోవాలని అందులో రాయించి, తను మాత్రం 2006లో 51 ఏళ్లకే దిగిపోయారు.

2008లో ఆయన కొడుకు పట్టాభిషేకం. "రాజుగా మిమ్మల్ని ఏలను. తల్లిదండ్రిలా కాపాడతాను, అన్నలా చూసుకుంటాను, కొడుకులా సేవ చేస్తాను" అని ఆయన ప్రజలకు మాటిచ్చారు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది, కానీ శ్లోకం ఊరుకోదు. "ప్రజాభ్యః" అంటే అందరూ కదా. 1990 ప్రాంతంలో, ఆ నాలుగో రాజు ఏలుబడిలోనే, నేపాలీ మాట్లాడే దక్షిణాది భూటాన్ వాళ్లు లక్షమంది దాకా దేశం విడిచిపోవాల్సి వచ్చింది. తూర్పు నేపాల్ శిబిరాల్లో ఏళ్లకేళ్లు గడిపారు. వాళ్లలో ఎక్కువమంది హిందువులు. పూజ చివర ఈ స్వస్తి విని, అక్షతలు వేసుకున్నవాళ్లే అయివుంటారు.