సీటొచ్చింది

నాన్న ఫోన్‌ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, అడ్మిషన్ లెటర్‌లో మా ఇంటిపేరు స్పెల్లింగ్ కరెక్ట్‌గా ఉందో లేదో ఒక్కో అక్షరం చూస్తున్నారు. జార్జియా దేశంలో మెడిసిన్ సీటు, తిబిలిసిలో, ఆరేళ్ళ కోర్సు!

నా బీఎస్సీ మెమో చూసినవాళ్ళెవరూ ఈ రోజు వస్తుందనుకోలేదు. ఆర్గానిక్ కెమిస్ట్రీ సప్లీలో గట్టెక్కింది, మిగతావీ అత్తెసరు మార్కులే. యూనివర్సిటీ వాళ్ళు మాత్రం ఇంటర్ బైపీసీ మార్కులు, నీట్ అర్హత చూశారు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మేడమ్ డిగ్రీ గురించి ఒక్క ప్రశ్న అడిగి, అమ్మని డయాలసిస్‌కి తిప్పిన రోజుల గురించి నేను చెబుతుంటే మధ్యలో ఆపకుండా విన్నారు. అక్కడే నాకు సగం ధైర్యం వచ్చేసింది.

టెన్షన్ కూడా ఉంది. మన దగ్గర 2021 రూల్స్ ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఇంగ్లీషులో చదవాలి, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈలో (విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్ళకి ఇక్కడ పెట్టే పరీక్ష) 300కి 150 తెచ్చుకోవాలి, ఆ తర్వాత ఇక్కడ మళ్ళీ ఇంటర్న్‌షిప్. డబ్బుంటే చాలు డాక్టరైపోవచ్చు అనేవాళ్ళు ఈ వరస ఒక్కసారి చూడాలి.

అపోస్టిల్ కోసం, అంటే మన సర్టిఫికెట్లు విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర కోసం, ఇంటర్ సర్టిఫికెట్లు పట్టుకుని రేపు హైదరాబాద్ వెళ్తున్నా. మీలో తిబిలిసిలో చదివినవాళ్ళుంటే చెప్పండి, చలికాలానికి బట్టలు ఇక్కడే కొనాలా, అక్కడా?