హుజూరాబాద్ రోడ్డు మీద రాస్తారోకో

మే నెల మొదట్లో ఇంటిల్లిపాదీ హనుమకొండ నుంచి వేములవాడకు బయల్దేరాం. రాజన్నకు కోడె మొక్కు చెల్లించాలని అమ్మ ఎప్పటినుంచో అంటోంది. ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్, అక్కణ్నుంచి వేములవాడ. ఎండ ముదరకముందే గుడికి చేరాలని పొద్దున్నే కదిలాం కానీ హుజూరాబాద్ ఇంకా కొంత దూరం ఉందనగా బండ్లన్నీ ఆగిపోయాయి. యాక్సిడెంట్ అయిందేమో అనుకుని దిగి ముందుకు నడిచి చూస్తే రాస్తారోకో.

రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్ పెట్టారు. దాని ముందు తడిసిన వడ్లు కుమ్మరించి చుట్టూ రైతులు కూర్చున్నారు, సగానికి పైగా ఆడవాళ్లే. అకాల వానకు కొనుగోలు సెంటర్లో కుప్పలు నానిపోయాయట. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు, ఆరబోస్తే మళ్లీ మబ్బు పడుతుంది, తూకం అయిన బస్తాలు ఎత్తడానికి లారీలు రావు, తీరా మిల్లుకు పోయాక తరుగు పేరుతో ఇంకో కోత. "పరదాలు కప్పుకుంట, తీసుకుంట కుప్ప కాడనే పండుకుంటున్నం బిడ్డా, ఎవ్వలు వచ్చి సూడలే" అని ఒక పెద్దమ్మ చెప్పింది. మా వైపు పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు, యాసంగి కోతలప్పుడు ఎక్కడో ఒకచోట రోడ్డెక్కక తప్పని పరిస్థితి వస్తూనే ఉంటుంది.

మేం నిలబడి ఉండగానే వెనక నుంచి 108 వచ్చింది. ఎవరూ చెప్పకుండానే లేచి, ట్రాక్టర్ వెనక్కి తీసి దారి ఇచ్చారు, అది పోయాక మళ్లీ కూర్చున్నారు. అంబులెన్స్‌ను ఆపితే ఎంత న్యాయమైన డిమాండ్ అయినా నేను వాళ్ల వైపు ఉండేవాణ్ని కాదు.

ఆ సందులోనే తెల్ల కారు ఒకటి రాంగ్ సైడ్‌లో ముందుకు దూసుకొచ్చింది. పెళ్లికి పోతున్నారు, లోపల పట్టుచీరలు, పిల్లలు. హారన్ మీద చెయ్యి తియ్యకుండా కొట్టాడు. ఒక ముసలాయన ఎదురు నిలబడి "తమ్మీ, జర ఆగు, సార్లు వస్తున్రట" అని చేతులు జోడించాడు. కారు ఆగలేదు. కొంచెం కొంచెం జరుపుతూ బంపర్‌ను ఆయన మోకాళ్లకు ఆనించాడు, ఇంకొంచెం రేజ్ చేశాడు, ఆయన వడ్ల మీద పడ్డాడు. అప్పుడు లేచారు జనం. బానెట్ మీద దబదబా బాదుడు, లోపల పిల్లల ఏడుపు. మా ముందున్న ఆర్టీసీ బస్సు డ్రైవర్ అడ్డం పడి "పిల్లలున్నరే, ఆగున్రి" అని అరవకపోతే అద్దాలు పగిలేవి. పగిలి ఉంటే ఆ తప్పు కొట్టినవాళ్లదే అయ్యేది, అందులో నాకు సందేహం లేదు.

కానీ అక్కడ ఆగిన బండ్లవాళ్లలో చాలామంది అన్న మాట నాకు మింగుడు పడలేదు: "రోడ్డు మీద కూసుంటే గట్లనే అయితది." ఎందుకవుతుంది? దారికి అడ్డం పెడితే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. మనిషిని అక్రమంగా ఆపితే 126 కింద నెల రోజుల దాకా జైలు ఉంది. ఆ శిక్ష వేయాల్సింది కోర్టు, మనకు లేటవుతోందని బంపర్‌తో మనం వేసేది కాదు. రైతులు చేసింది తప్పే అనుకున్నా సరే, యాక్సిలరేటర్ మీద కాలు ఎవరిదో బాధ్యత వాళ్లదే. టన్నుకు పైగా బరువున్న బండిలో కూర్చున్నవాడికీ, చేతులు జోడించి నిలబడ్డవాడికీ ప్రమాదం సమానంగా ఉండదు కదా. గుంపు మీదపడి కొడుతుంటే ప్రాణభయంతో బండి ఉరికించడం వేరు, దాన్ని చట్టం కూడా వేరుగానే చూస్తుంది. ఇక్కడ కారు మనిషిని తాకేదాకా ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు, నా కళ్లతో చూశాను. 2021 అక్టోబర్ 3న ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీలో నిరసన చేస్తున్న రైతుల మీదికి బండి ఎక్కించినప్పుడు కూడా రోడ్డు మీదికి ఎందుకొచ్చారని అడిగినవాళ్లు ఉన్నారు. ఆ రోజు చనిపోయిన ఎనిమిది మందిలో నలుగురు రైతులు, ఒక విలేకరి. తర్వాత జనం కారులో ఉన్నవాళ్లను కొట్టి చంపారు, అదీ క్షమించరానిదే, అయినా మొదట జరిగింది దానితో చెరిగిపోదు.

రెండు గంటలు గడిచాక అధికారులు వచ్చారు, సాయంత్రానికి లారీలు పంపిస్తామన్నారు, ట్రాక్టర్ తీశారు. ఈ మాట ముందు రోజే సెంటర్‌కు వచ్చి చెప్పి ఉంటే మా ప్రయాణమూ ఆగేది కాదు, ఆ ముసలాయన మోకాలూ వాచేది కాదు.

వేములవాడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ధర్మగుండం మెట్ల మీద కాలు పెట్టలేనంత ఎండ. కోడెను కట్టేసి, దర్శనం చేసుకుని, చీకటి పడ్డాక తిరుగుప్రయాణం.

ఇంటికి రాగానే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ కారు వీడియో కనిపించింది. బానెట్ మీద గుద్దడం నుంచే మొదలవుతుంది, ముందు భాగం కత్తిరించేశారు. కింద అందరూ రైతులను తిడుతున్నారు. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో చూసింది చూసినట్టు అందులో రాసిపెట్టాను. సాక్ష్యం కావాలంటే వస్తానని అక్కడి ఎస్సైకి నా ఫోన్ నంబర్ అప్పుడే ఇచ్చి వచ్చాను.