రాజయ్య సారు ఊరికి, చేర్యాల మీదుగా

మా బాపు ట్రంకు పెట్టెలో ఒక పాత పత్రిక కాగితం ఉంది. చిత్రకారుడు కాపు రాజయ్య గారి బోనాల బొమ్మ. నెత్తిన బోనాలెత్తుకుని నడిచే ఆడవాళ్లు. మడతల దగ్గర చిరిగిపోతే బాపు వెనక టేపు అంటించి దాచుకున్నాడు. మా చిన్నప్పుడు తీసి చూపించేవాడు కానీ చేతికి ఇచ్చేవాడు కాదు. బాపు డ్రాయింగ్ సారుగా పనిచేసి రిటైరయ్యాడు. రాజయ్య గారు కూడా బడిలో డ్రాయింగ్ చెప్పినవారే. అందుకేనేమో ఆయన సంగతి వస్తే బాపు గొంతు మారుతుంది. 2012లో ఆయన పోయారన్న వార్త చదివిన రోజు ఆ కాగితం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాడు.

పెద్ద చిత్రకారులు పుట్టిన ఊళ్లకు, వాళ్ల పేరున్న మ్యూజియాలకు పనిగట్టుకుని పోతారు కదా, మనం రాజయ్య గారు 1925లో పుట్టిన సిద్దిపేటకు ఎందుకు పోవద్దు అని నేనే అడిగాను. బాపు వెంటనే లేచాడు. కానీ ఒక షరతు పెట్టాడు. "ముందుగాల చేర్యాలల దిగుదాం. అది చూడకుంట సిద్దిపేటకు పోతే లాభం లేదు బిడ్డా."

ఆదివారం పొద్దున హనుమకొండలో బస్సెక్కి జనగామలో మారాం. సంక్రాంతి అయిపోయింది, కొమురవెల్లి మల్లన్న జాతర నడుస్తోంది, ఇక ఆ బస్సులో కాలు పెట్టే సందు లేదు. అందరి నుదుట పసుపు బండారి. కిటికీ పక్కన కూర్చున్న ఒకాయన మల్లన్న దగ్గర పట్నం వేయించడానికి పోతున్నాడు. ఒగ్గు పూజారులు నేల మీద పసుపు, కుంకుమ, రంగుల పిండ్లతో వేసే ఆ పెద్ద ముగ్గునే పట్నం అంటారు. దేవుడి కల్యాణం దాని మీదే. తెల్లారేసరికి అది చెరిగిపోతుంది. "ఇది కూడ బొమ్మనే" అని బాపు నా చెవిలో అన్నాడు.

చేర్యాల 2016 దాకా మా వరంగల్ జిల్లానే. ఇప్పుడు సిద్దిపేట జిల్లా. మా ఇంట్లో మాత్రం ఇంకా మన జిల్లా అనే అంటాం.

బట్ట మీద కథల పటాలు గీసే నకాషీ వాళ్ల ఇంటికి దారి అడిగితే అందరూ చెప్పారు. ముందు గదిలో కింద కూర్చుని ఒకాయన పని చేస్తున్నాడు. వెనక ఆయన భార్య పొయ్యి దగ్గర గిన్నెలో ఏదో కలుపుతోంది. దగ్గరికి పోయి చూస్తే చింతగింజలు. నానబెట్టి, రుబ్బి, ఉడకబెడితే చిక్కటి బంక అవుతుంది. "వేలు పెట్టి చూడు" అంది ఆమె. పెట్టాను. రెండు వేళ్లూ అతుక్కుపోయి, విడదీస్తే దారాలు సాగాయి. ఖద్దరు బట్టకు ఆ బంక, బియ్యం గంజి, సుద్దమట్టి, తుమ్మజిగురు కలిపి పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకొకటి. మూడు పూతలు. పూర్తయిన బట్టను గోటితో కొడితే అట్టలాగా టకటకమంది. చుట్టితే మాత్రం ఎక్కడా పగల్లేదు. ఏళ్ల తరబడి ఊరూరా తిరగాల్సిన బట్ట అది, అందుకే అంత జాగ్రత్త.

బొమ్మ గీసుకున్నాక బొమ్మల చుట్టూ ఉన్న ఖాళీ అంతా ఎర్రరంగు నింపుతారు. ఆ తర్వాత మనుషుల ఒళ్లు, బట్టలు, నగలు. అన్నిటికన్నా చివర నల్లగీత. ఆయన ఉడుత వెంట్రుకల కుంచె తీసుకుని ఒక ఆడమనిషి ముఖం గీయడం మొదలుపెట్టాడు. నుదురు, ముక్కు, పెదవి, గదవ, అన్నీ ఒకే ఊపున. చెయ్యి ఎక్కడా ఆగలేదు. కొలత లేదు, పెన్సిల్ లేదు. బాపు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆ గీత మెడ దగ్గర తేలిపోయినాక జేబులోంచి పత్రిక కాగితం తీసి పక్కన పెట్టాడు. దాన్ని ఇంటి బయటికి తెచ్చాడని నాకు అప్పటిదాకా తెలీదు.

ఇన్నాళ్లూ ఎన్నో చోట్ల చదివాను, రాజయ్య గారు నకాషీ రీతిని తన బొమ్మల్లోకి తెచ్చుకున్నారని. అదొక సమాచారంలాగే నాలో ఉండిపోయింది. ఇక్కడ రెండు గీతలు పక్కపక్కన చూశాక గానీ దాని బరువు తెలియలేదు. అదే పెద్ద కన్ను, నీడలూ వెలుతురూ లేని అదే నిండు రంగు, చుట్టూ అదే తెగింపున్న గీత. నకాషీ వాళ్లు పురాణానికి వాడిన గీతను ఆయన బోనమెత్తిన మామూలు ఆడమనిషికి ఇచ్చాడు. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని అదే.

పాత పటం ఒకటి విప్పి చూపించమని అడిగాం. మూడడుగుల వెడల్పు, పొడవు ముప్పై అడుగులు దాటుతుందట. గదిలో సగం కూడా విప్పలేకపోయాం. అడ్డంగా వరసలు, వరసకూ వరసకూ మధ్య పూల అంచు, కథ పైనుంచి కిందికి దిగుతుంది. ఇవి గోడకు పెట్టుకునేందుకు పుట్టినవి కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలి వాళ్లు, ఇట్లా ఒక్కో కులానికి కథ చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్లు వచ్చి చేయించుకునేవాళ్లు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చుల వాళ్లకైతే పటం కాదు, కొయ్యబొమ్మలు. రాత్రిపూట ఊరి నడుమ పటం వేలాడదీసి, పుల్లతో చూపిస్తూ పాడుతుంటే పిల్లలంతా ముందు వరసలో కూర్చునేవాళ్లు. పటం చిరిగిపోతే దాన్ని పారేయరు. మనిషికి చేసినట్టు పూజ చేసి ఏట్లో కలుపుతారు.

ఇప్పుడు చేయించుకోవడానికి కథలవాళ్లు రావడం బాగా తగ్గింది. ఫ్రేమ్‌లో పట్టే ఒక్క దృశ్యం, కొబ్బరిచిప్ప మీద చేసే ముఖాలు, వీటితోనే ఇల్లు గడుస్తోంది. ఇది ఈ ఊరి కళే అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, పేరు వచ్చింది. ఆ చిన్న బొమ్మలూ ముచ్చటగానే ఉన్నాయి, వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ ముప్పై అడుగుల కథలోంచి ఒక్క జానెడు కోసి పట్టుకుపోతున్నామనే బాధ నన్ను వదల్లేదు.

నేను మార్కండేయ పురాణంలోని మూడు వరసలున్న చిన్న పటం కొన్నాను. బాపు ఫ్రేమ్ వద్దన్నాడు. చుట్టి ఇమ్మన్నాడు.

సిద్దిపేట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రాజయ్య గారు ఈ ఊరు విడిచి పోలేదు. ఇక్కడే లలిత కళా సమితి పెట్టి పిల్లలకు బొమ్మలు నేర్పారు. చాయ్ కొట్టు దగ్గర ఒక పెద్దాయన "రాజయ్య సారా?" అని లేచి నిలబడి మాట్లాడాడు. పేరుకే అంత మర్యాద. చేనేత దుకాణంలో గొల్లభామ చీర చూశాం. అంచు మీద నెత్తిన కుండ పెట్టుకున్న ఆడబొమ్మ, పక్కన ఇంకొకటి, ఇంకొకటి. బాపు నన్ను చూశాడు. ఇద్దరికీ బోనాల కాగితమే గుర్తొచ్చింది. ఈ ఊళ్లో పుట్టిన పిల్లవాడి కంటికి నెత్తిన కుండతో నడిచే మనిషి ఎన్నిసార్లు పడి ఉంటుందో! బట్ట మీద, పటం మీద, బోనాల రోజు వీధిలో. కోమటిచెరువు కట్ట మీద కాసేపు కూర్చుని బస్టాండుకు వచ్చేశాం.

తిరుగు బస్సులో సీటు దొరికింది. చీకటి పడుతుండగా బాపు పటం విప్పి ఒళ్లో పరుచుకున్నాడు. భావనారుషి తామరతూడు నుంచి దారం తీసి దేవతలకు బట్ట నేసిన చోట వేలు పెట్టి నాకు చెప్తున్నాడు. మెల్లగానే చెప్తున్నాడు. వెనక సీట్లో ఉన్న ఒకామె ముందుకు వంగింది.

"గిది మా పద్మశాలోల్ల కథనే గదా. మా తాత చెప్పిచ్చిండు, నేను సిన్నప్పుడు చూసిన" అంది. పటం అంచు పట్టుకుని తన వైపు కొంచెం జరుపుకుంది. "ఆగినవేంది సారూ, చెప్పు."

బాపు వేలు రెండో వరస మీదికి జరిపాడు.