బొమ్మను చూసి బొమ్మ గీస్తే కాపీ అట!

నా చిత్రాలు ప్రదర్శనకు తీసుకున్నట్టు నిన్న సాయంత్రం రసీదు ఇచ్చారు. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

బొమ్మల కొలువు కోసం కొన్నవాటితోనే మా అల్మారా నిండిపోయింది. కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, ఆదిలాబాద్ ఓజా కళాకారులు మైనపు నమూనాతో ఇత్తడిలో పోతపోసిన డోక్రా ఎద్దు. వాటిని చూస్తూ గీయడం హాయిగానే సాగింది. లైటు ఒక్క పక్క నుంచే పడాలి. వాటర్ కలర్ అయితే లక్క మెరిసేచోట కాగితాన్ని తెల్లగా వదిలేయాలి, తర్వాత తెల్లరంగు పూస్తే ఆ నిగనిగ రాదు. డోక్రాలో మైనపు తీగల గీతలు పోతలోనూ నిలిచిపోతాయి కాబట్టి దానికి పెన్సిల్ కంటే సిరా నయం.

ఏడిపించింది దరఖాస్తే. సొంతంగా వేసినవే ఇవ్వాలని ఫారంలో ఉంది. కౌంటర్‌లో కూర్చున్నాయన ఏనుగు చిత్రం చూడగానే, "ఇది కొండపల్లి బొమ్మే కదమ్మా, కాపీ. పైగా దానికి జీఐ ఉంది. అభ్యంతరం లేదని బొమ్మ చేసినవాళ్ల దగ్గర లెటర్ తెండి" అన్నాడు. వెనక లైన్లో అంతా కాలేజీ పిల్లలు. వాళ్లు వింటుండగా కాపీ అనిపించుకున్నాను. ముఖం కందిపోయింది.

కొండపల్లి పేరు పెట్టి వేరేచోటి బొమ్మలు అమ్మకుండా ఆపడానికే జీఐ అనే ఈ భౌగోళిక గుర్తింపు. బొమ్మను చూసి చిత్రం వేయకూడదని అందులో ఎక్కడుంది? నా ఏనుగు అల్మారాలో కూడా లేదు. తనను చెక్కిన కర్ర పెరిగిన కొండమీద, తెల్ల పొణికి చెట్ల మధ్య నడుస్తోంది. అదంతా చెప్పాను. "రూలమ్మా" అన్నాడు. ఆ రూలు చూపించమంటే మాత్రం తల పక్కకు తిప్పేసుకున్నాడు.

పంతం పట్టి కొండపల్లి వెళ్లాను. బొమ్మల కాలనీలో ఓ పెద్దాయన సంగతంతా విని నవ్వారు. "మా తాత చెక్కిన ఏనుగే నేనూ చెక్కుతున్నా తల్లీ. ఎవరి సంతకం కావాలంట?" ఆ తర్వాత చిత్రాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "మక్కు పెట్టిన అతుకు కూడా వేశావే!" అన్నారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే ఆ మక్కుతోనే విడిగా చెక్కిన కాళ్లూ చేతులూ అతుకుతారు. పైన రంగు పడ్డాక అతుకు కనిపించీ కనిపించనట్టుంటుంది, దాన్ని పట్టుకోవడానికి నేను ఎన్ని కాగితాలు చింపానో! ఇన్నేళ్లలో నా చిత్రాలకు దక్కిన పెద్ద మెప్పు అదే. అడగ్గానే లెటర్ కూడా రాసిచ్చారు. తరతరాలుగా చెక్కుతున్న మనిషికి లేని అభ్యంతరం కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకెందుకు?

మళ్లీ వెళ్తే సీట్లో వేరే ఆవిడ ఉంది. లెటర్ విప్పి చూడకుండానే ముద్ర కొట్టేసింది.

ప్రదర్శన అయ్యాక ఏనుగు చిత్రం ఆ పెద్దాయనకే ఇస్తాను, ఎవరు ఎంతిస్తామన్నా అమ్మను. మీకూ ఎవరైనా ఇలాంటి రూలు చెప్తే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మని అక్కడే అడగండి. ఇచ్చేదాకా లైన్లోంచి కదలకండి.