మాట గడప దాటదన్న నమ్మకం

కావలి చుట్టుపక్కల పొదుపు సంఘాల ఆడవాళ్లతో వర్క్‌షాప్ పెట్టినప్పుడల్లా మొదటి అరగంట నియమాలకే ఇస్తాను. టైం వేస్ట్ అంటారు కొందరు. కానీ తోడికోడలు, పక్కింటామె, అప్పిచ్చినామె అందరూ ఒకే పట్టా మీద కూర్చున్నప్పుడు, ఇక్కడ అన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరగదన్న గ్యారంటీ లేకపోతే ఎవరు నోరు విప్పుతారు?

నియమాలు నేను చదివి వినిపించను. "మనసులో మాట చెప్పాలంటే మీకేం కావాలి?" అని అడిగి, వాళ్లన్నది వాళ్ల మాటల్లోనే చార్టు మీద రాస్తాను. "ఒకరు మాట్లాడతా ఉంటే మధ్యలో దూరొద్దు." "ఏడిస్తే ఏడవనీండి, వెంటనే సలహాలు మొదలుపెట్టొద్దు." ఇష్టం లేకపోతే చెప్పకుండా ఉండొచ్చు అన్నది మాత్రం నేనే కలుపుతాను, అది అడగడానికి కూడా మొహమాటపడతారు కాబట్టి. నేర్చుకున్నది బయట చెప్పొచ్చు, ఎవరింట్లో జరిగిందో చెప్పకూడదు. ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే నేను దాచలేనని కూడా ముందే చెప్తాను, అంతా విన్నాక చెబితే అది నమ్మకద్రోహమే.

ఫోన్లు సైలెంట్‌లో పెట్టడం కంటే ఫొటోలు తీయకపోవడం ముఖ్యం. రిపోర్టుకు కావాలంటే చివర్లో, అందర్నీ అడిగి తీసుకోవాలి.

మన నెల్లూరు జిల్లాలో 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది అక్షరాస్యత తరగతుల్లో తమ గోడు ఒకరికొకరు చెప్పుకున్నాకే, మరుసటి ఏడాదే ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటును తేలిగ్గా తీసుకునేవాళ్లంటే నాకు కోపం.

భోజనాలయ్యాక చార్టు మళ్లీ చూపించి, ఏదైనా మార్చాలా అని అడుగుతాను. కొత్త నియమాలు ఎక్కువగా అప్పుడే వస్తాయి.